బాపూ, నేను చేసే పని ఇదీ

దుబాయి

బాపుకు, అవ్వకు నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. దీన్ని చెల్లె చదివి వినిపిస్తుందని తెలుసు, కాబట్టి చెల్లే, మధ్యలో ఏదీ వదిలెయ్యకుండా మొత్తం చదువు, తమ్ముడి సంగతి వచ్చినప్పుడు వాణ్ని కూడా పక్కన కూర్చోబెట్టుకో.

మొన్న ఫోన్లో "నీకీ కరెంటు పని ఎందుకురా, పైకెక్కి చేసే పని ఎందుకురా" అని అవ్వ ఏడ్చింది. పక్క ఊరికి శవపెట్టె వచ్చినప్పటి నుంచి మీకు నిద్ర లేదని చెల్లె చెప్పింది. ఆ రోజు నేను సరిగా జవాబు చెప్పలేదు, రూంలో అందరూ పడుకున్నారు, గట్టిగా మాట్లాడే వీలు లేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నా.

ముందు కరెంటు సంగతి. నేను రోజూ ముట్టుకునేది 24 వోల్టుల వైరు, మన ఇంట్లో బల్బుకు వచ్చే 230 కాదు. 230ని 24కు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 230 ఉంటుంది, నిజమే, కానీ అక్కడ పని పడితే బ్రేకర్ ఆఫ్ చేసి, దానికి తాళం వేసి, తాళంచెవి నా జేబులో పెట్టుకున్నాకే మూత విప్పుతాను. ఎవరూ పొరపాటున కూడా ఆన్ చెయ్యలేరు. ఎక్కేది నిచ్చెన కాదు, చక్రాల లిఫ్టు, చుట్టూ కడ్డీలుంటాయి, ఒంటికి బెల్టు ఉంటుంది. అవ్వా, ఇదంతా నిన్ను ఊరుకోబెట్టడానికి చెప్తున్నది కాదు, ఉన్నదే.

బాపూ, నువ్వు ఏసీ పని అంటే గోడకు తగిలించే డబ్బా అనుకుంటున్నావు. పెద్ద బిల్డింగుల్లో అట్లా ఉండదు. ఒక పెద్ద మిషన్ గాలిని చల్లబరిచి రేకు డక్టుల్లోకి తోస్తుంది. గదుల సీలింగు పైన రేకు డబ్బాలుంటాయి, వీటిని మేం వీఏవీ బాక్స్ అంటాం. డబ్బా లోపల తిరిగే రేకు బిళ్ల ఒకటి, అది డాంపర్. మన ఎస్సారెస్పీ కాలువ తూముకు షట్టర్ ఉన్నట్టే, ఎంత తెరిస్తే అంత గాలి. ఆ షట్టర్ తిప్పే మోటారున్న కంట్రోలర్‌ను డబ్బాకు బిగించడం నా పని. గది వేడెక్కితే తెరుస్తుంది, చల్లబడితే మూస్తుంది, మనుషులు లేని గదికి గాలి తగ్గించి కరెంటు మిగిలిస్తుంది.

డబ్బా పక్కనుంచి చిటికెన వేలంత ఇనుప కడ్డీ బయటికి వచ్చి ఉంటుంది, అది షాఫ్టు. లోపల డాంపర్ ఎటు తిరిగి ఉందో బయటి నుంచి కనబడదు. షాఫ్టు కొన మీద గీసిన గీత ఒక్కటే చెప్తుంది. ముందు ప్లయర్‌తో పట్టి ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి చూస్తాను, ఎక్కడైనా రాసుకుంటే డక్టు వాళ్లను పిలిచి సరిచేయించేదాకా ముట్టుకోను. తర్వాత డాంపర్ పూర్తిగా మూసి, కంట్రోలర్ మీది బటన్ నొక్కి గేర్ వదులు చేసి, దాన్ని కూడా మూసిన వైపుకే తిప్పి షాఫ్టుకు తొడుగుతాను. షాఫ్టును పట్టే యూ-బోల్టు నట్లు రెండూ కొంచెం ఇది, కొంచెం అది సమంగా బిగించాలి. ఒక్కటే ముందు బిగిస్తే పట్టు వంకరపోయి షాఫ్టు జారుతుంది, అప్పుడు మోటారు తిరుగుతుంది, డాంపర్ కదలదు, కంప్యూటర్లో మాత్రం తెరుచుకున్నట్టే చూపిస్తుంది. ఆఖరున కంట్రోలర్ గిర్రున తిరగకుండా వెనక ఒక స్క్రూ. దాన్ని గుంజి బిగించకూడదు, వెంట్రుక వాసి ఆట ఉండాలి, ఎందుకంటే షాఫ్టు అచ్చంగా నడిమధ్యన తిరగదు. స్క్రూ పొడుగుదైతే రేకు దాటి లోపలికి పోయి డాంపర్‌కే అడ్డం పడుతుంది. ఇవన్నీ చూసి చెయ్యాలి బాపూ. కూలి పని కాదు, చేతిపని.

జీతం పడింది, పంపాను. చిట్టీ కట్టెయ్యండి.

ఆ వీఏవీ డబ్బాకే గాలి కొలిచే సన్న గొట్టాలు రెండుంటాయి, ఒకటి ఎక్కువ ఒత్తిడి వైపు, ఒకటి తక్కువ వైపు. అవి తారుమారైతే గాలి ఎంత పోతున్నా లేనట్టే లెక్క, కంట్రోలర్ ఇంకా ఇంకా తెరుస్తుంది, కింద కూర్చున్నవాళ్లు వణికిపోతారు. ఒక అంతస్తులో ఇట్లాగే అయితే ఇంజనీర్ సార్ నన్నే పిలిపించాడు, సీలింగు పలక ఎత్తి చూడగానే కనిపెట్టాను. ఆ రోజు మీరే గుర్తొచ్చారు.

ఎండ గురించి కూడా అడిగారు. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని చట్టం ఉంది. నాది ఎట్లాగూ లోపలి పనే. అట్లని చల్లగా ఉంటుందని అబద్ధం చెప్పను, చిల్లర్, అంటే ఏసీకి నీళ్లు చల్లబరిచే మిషన్, ఇంకా స్టార్ట్ కాని బిల్డింగులో సీలింగు దగ్గర ఉడికిపోతుంది. ఓఆర్‌ఎస్ కలిపిన నీళ్లు తాగుతూనే ఉంటాం. మొదటిసారి చల్లగాలి వదిలిన రోజు మేస్త్రీలు, పెయింటర్లు, మేము అందరం ఒక గాలి జాలీ కిందికి చేరి మొహాలు పైకెత్తుకుని నిలబడ్డాం.

అవ్వ మోకాళ్లకు ఆ నూనెతో సరిపెట్టకండి, జగిత్యాల తీసుకుపోయి చూపించండి. డబ్బు సంగతి నేను చూసుకుంటా.

ఇప్పుడు తమ్ముడు. ఒరేయ్, ఆ ఏజెంటు మాట విని విజిట్ వీసా మీద ఇక్కడికి రావద్దు. ఆ వీసా మీద ఇక్కడ పని చెయ్యడం నేరం, దొరికితే జరిమానా, ఆపైన పంపించేస్తారు. ఆ ఏజెంటు లక్షన్నర అడుగుతున్నాడంటే నాకు ఒళ్లు మండింది. లైసెన్సు ఉన్న ఏజెంటే 30,000 రూపాయలు, దానిమీద జీఎస్టీ, అంతకు మించి తీసుకోకూడదని మన సర్కారు రూలు. ఇతనికి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ అనే సర్కారు వెబ్‌సైట్‌లో చూడు. నువ్వు పది పాసయ్యావు, ఐటీఐలో రిఫ్రిజిరేషన్ ఏసీ ట్రేడ్ రెండేళ్లు, అందులో చేరు. నేను చేతిలో పని లేకుండా వచ్చి డక్టు రేకులు మోసి మోసి ఇక్కడిదాకా వచ్చాను. అన్న వద్దంటున్నాడని కోపం తెచ్చుకోకు. నువ్వు వస్తానంటే నాకు సంతోషం లేదనుకున్నావా? ఈ రూంలో నువ్వు పక్కన ఉంటే నాకంటే ఎవరికి బాగుంటుంది చెప్పు.

బతుకమ్మకు రాలేను. లీవు అడిగాను, ఈ బిల్డింగు అప్పజెప్పాకే అన్నారు. చెల్లే, అలగకు, చీర డబ్బులు వేరేగా పంపుతా, నీకు నచ్చింది నువ్వే తెచ్చుకో. బర్రె ఈనిందా? పసుపు ఎంతకు పోయిందో ఎవ్వరూ చెప్పలేదు. బాపూ, మళ్లీ తొందరపడి అమ్మెయ్యకు.

ఆదివారం ఫోన్ చేస్తా. అప్పటిదాకా ఏజెంటుకు అడ్వాన్సు కింద ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, తమ్ముడి పాస్‌పోర్టు అతని చేతికి పోయి ఉంటే రేపే పోయి తెచ్చుకోండి.

మీ పెద్ద కొడుకు