గిడుగు వారి రెండో ముప్పయ్యేళ్లు

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

ఏటా ఆగస్టు 29న, తెలుగు భాషా దినోత్సవం నాడు, మీ పత్రికతో సహా తెలుగు పత్రికలన్నీ గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారిని తలచుకుంటాయి. ఆ వ్యాసాలను నేను ఏ ఏడూ వదలకుండా చదువుతాను. వాటిలో వ్యావహారిక భాషోద్యమ పితామహుడు కనిపిస్తారు, పండితులను నిలదీసిన ‘పిడుగు’ కనిపిస్తారు. కానీ పర్లాకిమిడి అనే చిన్న పట్నంలో ముప్పై ఏళ్లు పిల్లలకు పాఠాలు చెప్పి, ఉద్యోగ విరమణ చేసి, ఆ తరువాతనే తన పనిలో పెద్ద భాగం చేసిన బడిపంతులు మాత్రం ఒకటి రెండు వాక్యాల్లో దాటిపోతారు. నేనూ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైన వాణ్ణి కనుక ఈ లోటు నాకు కొంత ఎక్కువగా కనబడుతూ ఉండవచ్చు.

1863లో శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన రామమూర్తి గారు చిన్నతనంలోనే తండ్రిని పోగొట్టుకుని, విజయనగరంలో మహారాజావారి పాఠశాలలో చదువుకున్నారు. గురజాడ అప్పారావు గారు అక్కడ ఆయన సహాధ్యాయి. 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో నెలకు ముప్పై రూపాయల జీతం మీద ఫస్టు ఫారం పిల్లలకు చరిత్ర చెప్పే ఉపాధ్యాయుడిగా చేరారు. ఉద్యోగం చేస్తూనే ప్రైవేటుగా బి.ఏ. పూర్తిచేశారు. పుస్తకంలో ఉన్నంతవరకు చెప్పి గంట కొట్టగానే లేచిపోయే చరిత్ర పంతులు కాదాయన. ముఖలింగం గుళ్లలోని శాసనాలను స్వయంకృషితో చదవడం నేర్చుకుని, వాటిలోని విషయాలను వెలికితీశారు.

సవరల సంగతి ఇంకా చెప్పుకోదగినది. పర్లాకిమిడి పరిసరాల కొండల్లో ఉండే గిరిజనులైన ఈ సవరలకు చదువు చెప్పాలని ఆయన తలపెట్టినప్పుడు, వారి భాష ఆయనకు రాదు. నేర్చుకుందామంటే వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి లేదు. తెలుగుతో ఏ చుట్టరికమూ లేని ముండా కుటుంబపు భాష అది. తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని ఇంట్లోనే పెట్టుకుని ఆయన ఆ భాష నేర్చుకున్నారు. సవర మాటల్లో ఊపిరి గొంతులో లిప్తపాటు ఆగి కదిలే ధ్వని ఒకటి ఉంది. మన అక్షరమాలలో దానికి అక్షరమే లేదు. అటువంటి ధ్వనిని చెవితో పట్టుకుని కాగితం మీద పెట్టాలంటే ఒకే మాటను ఎన్నిసార్లు అనిపించుకుని వినవలసి ఉంటుందో, పిల్లల చేత ల, ళ తేడా పలికించిన ఏ ఉపాధ్యాయుడైనా ఊహించగలడు. ఆ కొండల్లో తిరిగినందుకు ఆయనకు మలేరియా పట్టుకుంది. అందుకు పుచ్చుకున్న క్వినైను వల్ల వినికిడి దెబ్బతిని, ఆ చెముడు చివరిదాకా ఉండిపోయింది. అయినా సవర భాషలో పుస్తకాలు రాశారు, సొంత డబ్బుతో బడులు పెట్టి పంతుళ్లకు జీతాలిచ్చారు, మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకు ప్రతిఫలం ఇవ్వబోతే దానితో బడి పెట్టమన్నారు. మాతృభాషలో ప్రాథమిక విద్య గురించి మనం ఇప్పటికీ సదస్సులు జరుపుతూనే ఉన్నాం.

1911లో ఆయన రిటైరయ్యారు. అప్పటికి వయసు నలభై ఎనిమిదేళ్లు. వ్యావహారిక భాషోద్యమం అనగానే మనకు సభలూ వాదోపవాదాలూ గుర్తుకువస్తాయి గాని, దానికి బీజం తరగతి గదిలోనే ఉంది. పాఠశాలల పర్యవేక్షకుడిగా వచ్చిన జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు అధికారి, తెలుగువారు మాట్లాడే భాష ఒకటీ పుస్తకాల్లో రాసే భాష ఒకటీ ఎందుకు ఉన్నాయని అడిగిన ప్రశ్న రామమూర్తి గారిని ఆలోచింపజేసింది. నోటితో ‘చేస్తున్నాడు’ అనే పిల్లవాడు పరీక్ష కాగితం మీద ‘చేయుచున్నాడు’ అని రాయాలి. వాడికి తెలిసిన సంగతి కూడా తెలియని భాషలో పడి తప్పైపోతుంది. స్కూలు ఫైనలు పరీక్షలో వ్యాసాన్ని ఆధునిక భాషలోనూ రాయవచ్చునన్న అనుమతి 1912-13లో వచ్చినట్టే వచ్చి, పండితుల వ్యతిరేకతతో కొద్దికాలానికే రద్దయింది. అక్కడితో ఆయన ఊరుకోలేదు. 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రికను స్వయంగా నడిపారు, ఊరూరా ఉపన్యాసాలిచ్చారు. పుస్తకాల భాష అయిన గ్రాంథికమే రాయాలన్న పండితుల రచనల్లోనే ఆ గ్రాంథికానికి సరిపడని ప్రయోగాలను ఏరి చూపించారు. ముప్పై ఏళ్లు పిల్లల కాగితాలు దిద్దిన అలవాటు అంత తేలిగ్గా పోతుందా అని నాకు నవ్వు వస్తుంది.

రావు బహద్దూర్, కైజర్-ఇ-హింద్ వంటి బిరుదుల గురించి మీ వ్యాసాల్లో ఎప్పుడూ ఉంటుంది. నన్ను ఆపేవి వేరే సంవత్సరాలు. సవర వ్యాకరణం వెలువడింది 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో. నిఘంటువు నాటికి ఆయనకు డెబ్భై ఐదేళ్లు. ఆ రెండింటి మధ్యలో, 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరినప్పుడు, ఆ నిర్ణయాన్ని వ్యతిరేకించిన ఆయన జీవితమంతా గడిపిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. డెబ్భై రెండేళ్ల వయసులో పుస్తకాలూ కాగితాలూ సర్దుకుని కదిలి వచ్చి, అక్కడ నిఘంటువు పని ముగించిన మనిషిని తలచుకుంటే, పెన్షను వస్తోంది కదా, ఇక మనకెందుకని కూర్చున్న నా మొదటి రెండేళ్లు గుర్తుకువచ్చి సిగ్గనిపిస్తుంది.

1940 జనవరి 22న ఆయన కన్నుమూశారు. దానికి సరిగ్గా వారం ముందు, జనవరి 15న, మద్రాసులో ప్రజామిత్ర పత్రిక కార్యాలయంలో తన చివరి విన్నపం వినిపించారు. వాడుకభాషలో రాయమన్న ఆ విన్నపం పత్రికా సంపాదకులకే. అంతకు ముందే ఆయన శిష్యుడు తాపీ ధర్మారావు గారు ‘జనవాణి’ పత్రికలో వాడుకభాషను నడిపి చూపారు, మిగతా పత్రికలు చాలా ఏళ్లు వెనుకాడి తరువాత ఆ దారికే వచ్చాయి. ఈ ఉత్తరాన్ని మీరు ఏ తెలుగులో అచ్చువేస్తారో ఆ తెలుగు ఆయన అడిగినదే.

కనుక రానున్న ఆగస్టు 29న మీ ప్రత్యేక పుటలో ఉద్యమ వ్యాసంతో పాటు ఆయన ఉపాధ్యాయ జీవితానికీ, విరమణ తరువాతి ఇరవై తొమ్మిదేళ్లకూ ఒక పూర్తి వ్యాసం కేటాయించవలసిందిగా కోరుతున్నాను. వీలైతే ఆ వ్యాసంలో సవర అక్షరాస్యత కోసం ఆయన చేసిన కృషికి సగం చోటైనా ఇవ్వండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు