అమ్మిన గుర్రానికి మొదటి రెండు నెలలు

ఒరేయ్,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. కొనుక్కెళ్ళినాయన మూడు వారాలు తిరక్కుండానే ఫోన్ చేసి గుర్రం చేతికి చిక్కట్లేదనీ, మీదికి తోసుకొస్తోందనీ, గేటు దాటనంటోందనీ, మొన్నొకసారి లాయం వైపు పరుగు లంకించుకుందనీ చెప్పాడన్నావు. పైగా "చూపించిన రోజు మందేమైనా పెట్టారా" అని అడిగాడట. చిన్నప్పటి నుంచీ పెంచినవాడివి, ఆ మాట గుచ్చుకోకుండా ఎలా ఉంటుంది? కానీ ఆ వేడిమీద జవాబు మాత్రం చెప్పకు.

ఆయన అబద్ధమాడటం లేదు, నువ్వూ ఆడలేదు. నీ దగ్గర అది అంత బుద్ధిగా ఉండటానికి సగం కారణం నువ్వు. నువ్వు పక్కన నిలబడే తీరు, తాడు పట్టుకునే పట్టు, ఎప్పుడు వదలాలో తెలిసిన చెయ్యి. వాటిలో ఏదీ గుర్రంతో పాటు బండెక్కి వెళ్ళలేదు. ఇప్పుడు నీ పని ఆయన చేతినీ అలా తయారుచెయ్యడమే. రెండు నెలలు పడుతుందనుకో.

చోటు మారిన గుర్రం పరిస్థితి కూడా ఆలోచించు. అది మందలో బతికే జంతువు, ఉన్న మందంతా ఒక్కరోజులో మాయమైంది. నిలబడి కునుకు తీస్తుంది గానీ గాఢనిద్ర కావాలంటే పడుకోవాల్సిందే. కొత్తచోట భయం తీరేదాకా కొన్ని గుర్రాలు పడుకోవు. నిద్రలేని గుర్రం ప్రతి చప్పుడికీ ఉలిక్కిపడుతుంది. కుదురుకోవడానికి కొన్నిటికి వారాలు పడుతుంది, కొన్నిటికి నెలలు.

ముందు ఫోన్‌లో నాలుగు విషయాలు అడుగు. ఏం పెడుతున్నాడు, ఎంత పెడుతున్నాడు, రోజుకి ఎన్ని గంటలు బయట వదులుతున్నాడు, వారానికి ఎన్నిసార్లు ఎక్కుతున్నాడు. సగం జబ్బు ఇక్కడే దొరుకుతుంది. కొత్తగా గుర్రాన్ని కొన్నవాళ్ళు ప్రేమంతా దాణాలో పోస్తారు. నీ గుర్రం సుమారు 400 కిలోలుంటుంది కదా, దానికి రోజుకి 6 నుంచి 8 కిలోల ఎండుగడ్డి అసలు తిండి. దాణా పని చేసిన దాన్ని బట్టి పెట్టేది. నీ దగ్గర వారానికి ఐదు రోజులు పని చేసినప్పటి కొలతే ఆయన ఆదివారం మాత్రమే ఎక్కే గుర్రానికీ పెడుతున్నాడేమో. మగ్గుతో కొలవొద్దని చెప్పు. అదే మగ్గులో ఓట్స్ గింజలు ఒక బరువు తూగుతాయి, గుళికల దాణా ఇంకో బరువు. తూకం వెయ్యాలి. ఒక్క పూటకి 2 కిలోలు దాటకూడదు. అంతకుమించి గింజ పడితే చిన్నపేగులో అరగని పిండిపదార్థం పెద్దపేగులోకి పోయి పులుస్తుంది. ఆమ్లం పెరిగి కడుపునొప్పి రావచ్చు, గిట్టల లోపల వాపు రావచ్చు. దాణా తగ్గించడం పర్వాలేదు గానీ రకం మార్చాల్సి వస్తే మాత్రం 7 నుంచి 10 రోజుల్లో కొంచెం కొంచెంగా మార్చమను. ఇక రోజుకి 23 గంటలు లాయంలో నిలబెట్టిన గుర్రం బయటికి రాగానే గంతులేస్తే తప్పు దానిది కాదు. ఎక్కని రోజున ఎక్కువసేపు బయట వదలమని గట్టిగా చెప్పు.

తర్వాత నొప్పి సంగతి. చెప్పిన మాట వినట్లేదని అనుకునే ముందు పశువైద్యుడితో పళ్ళు, వీపు, కాళ్ళు చూపించాలి. జీను నువ్వు చూడొచ్చు. ఆయన ఎక్కి కూర్చున్నాక జీను ముందు భాగానికీ గుర్రం మూపుకీ మధ్య రెండు మూడు వేళ్ళు దూరాలి. చాలామంది కొత్తవాళ్ళు జీనుని భుజం ఎముక మీదికి వేస్తారు, దాంతో గుర్రానికి అడుగడుగునా దెబ్బ తగులుతుంది. కొంచెం ముందుకి పెట్టి, వెంట్రుకలు వాలిన వైపే వెనక్కి జరుపుకుంటూ వస్తే అది తనంతట తనే ఒకచోట ఆగుతుంది. అదే దాని చోటు. కింద వేసే గుడ్డని జీను గాడిలోకి పైకి లాగాలి, మూపుని అదిమేయకుండా. తంగు, అదే జీనుని పొట్ట కింద బిగించే పట్టీ, ఒక్కసారే బిగించేస్తున్నాడేమో చూడు. జీను వేసినప్పుడు వదులుగా, నాలుగడుగులు నడిపించాక ఇంకో రంధ్రం, ఎక్కబోయే ముందు చివరి రంధ్రం. ఒక్కసారే బిగిస్తే ఈరోజు చెవులు వెనక్కి పెడుతుంది, వచ్చే నెల కొరుకుతుంది. కళ్ళెం కూడా చూడు. నోటి మూలన ఒక చిన్న ముడత పడేంత ఎత్తులో ఉంటే చాలు. పరుగు తీసిందన్న భయంతో ఆయన ఏదైనా కటువైన కళ్ళెం కొనుంటే, వెంటనే తీయించి నీ పాతది పెట్టించు. నోటి నొప్పికి భయపడి ఇంకా వేగంగా పరిగెత్తే గుర్రాలే ఎక్కువ.

ఇప్పుడు అసలైన పని. ఆదివారం వెళ్ళు. వెళ్ళాక మొదటి అరగంట గుర్రాన్ని ముట్టుకోకు. నాకు తెలుసు, నీకది కష్టం. అయినా సరే. ఆయన గుర్రాన్ని పట్టుకోవడం, నడిపించడం, కట్టడం, జీను వెయ్యడం, ఎక్కడం అన్నీ మామూలుగా చెయ్యమని నువ్వు పక్కన నిలబడి చూడు. ప్రమాదం కనిపిస్తేనే అడ్డుపడు. నువ్వు చూడాల్సింది ఒక్కటే: ఆయన ఏ క్షణంలో వదులుతున్నాడు?

గుర్రం ఒత్తిడి వల్ల కాదురా నేర్చుకునేది, ఒత్తిడి ఆగిన క్షణంలో తను ఏం చేస్తోందో దాన్ని నేర్చుకుంటుంది. ఆయన హాల్టర్ (తలకి తగిలించే పట్టీ) పట్టుకుని పొలంలోకి వెళ్తాడు, గుర్రం తిరిగి నాలుగడుగులు దూరం పోతుంది, ఆయన విసుగొచ్చి ఆగిపోతాడు. అంతే, పాఠం అయిపోయింది: వెనక్కి తిరిగితే మనిషి ఆగుతాడు. రోజుకి రెండుసార్లు, మూడు వారాలు. నలభై పాఠాలు. ఆయనకి తాను పాఠం చెబుతున్నానన్న సంగతే తెలియదు.

పట్టుకోవడం ఇలా నేర్పించు. తలకి ఎదురుగా గానీ తోక వెనక నుంచి గానీ వెళ్ళకూడదు, తోక వెనకా, నుదుటికి మరీ దగ్గరగా ఎదురుగానూ దానికి మనిషి కనపడడు. ఎడమ భుజం వైపు ఏటవాలుగా నడవాలి. అది తన వైపు చూసిన క్షణంలో, ఒక్క చెవి తిప్పినా సరే, ఆగి ఒకడుగు వెనక్కి వెయ్యాలి. దూరం పోతే మాత్రం ఆగకుండా, తరమకుండా, అదే నడకతో వెంట నడవాలి. అందాక మూపు మీద గోకి, హాల్టర్ వేసి, తీసేసి, వచ్చేయాలి. మొదటి వారం మూడుసార్లు హాల్టర్ వేస్తే ఒకసారే పనికి తీసుకురావాలి. బకెట్‌తో పిలవొద్దని చెప్పు. పొలంలో వేరే గుర్రాలుంటే అవన్నీ బకెట్ కోసం పోట్లాడుకుంటాయి, మధ్యలో ఆయనకి తన్ను తగులుతుంది.

మీదికి తోసుకురావడం కూడా ఇదే లెక్క. గుర్రం ఒకడుగు లోపలికేస్తే ఆయన ఒకడుగు వెనక్కేస్తున్నాడని నా అనుమానం. గుర్రాల లోకంలో వెనక్కి జరిగినవాడు కిందివాడు అని కాదు, జరిపించడం తేలిక అని దానికి తెలిసిపోతుంది, అంతే. ఆయన్ని భుజం పక్కన చేయి చాచినంత దూరంలో నడవమను. అది దగ్గరికొస్తే తాడుని ఊపి రెండడుగులు వెనక్కి వేయించాలి. రెండో అడుగు పడగానే తాడు నిశ్చలంగా ఉండాలి. లాయం నుంచి గేటు దాకా వెళ్ళే లోపల పదిసార్లు చెయ్యొచ్చు. చేత్తో బెల్లం ముక్కలూ, క్యారెట్లూ పెట్టడం ఆపించు, పెట్టాలనుంటే తొట్టిలో వెయ్యమను. అన్నిటికంటే ముఖ్యం, తాడుని చేతికి చుట్టుకోవద్దని చెప్పు. మడత పెట్టి పట్టుకోవాలి. చుట్టుకున్న తాడు బిగుసుకుంటే వేళ్ళు పోతాయి, మనిషి ఈడ్చుకుపోబడతాడు.

గేటు దగ్గర మొండికెయ్యడం గురించి నాకు దాదాపు నమ్మకంగా అనిపిస్తున్నది ఇది. ఆయనకి ఇంకా కూర్చోవడంలో నిలకడ లేదు, పడిపోకుండా పగ్గాలు పట్టుకు వేలాడుతున్నాడు. అదే సమయంలో మడమలతో పొడుస్తున్నాడు. పద, ఆగు, రెండూ ఒకేసారి చెబితే గుర్రం ఏం చేస్తుంది? మొదట నిలబడుతుంది. తర్వాత తల ఎగరేస్తుంది. ఇంకా అలాగే సాగితే ముందు కాళ్ళు లేపుతుంది. అందుకని పాత రికాబు పట్టీ ఒకటి తీసుకెళ్ళి గుర్రం మెడ చుట్టూ కట్టు. నిలకడ తప్పినప్పుడు ఆయన దాన్ని పట్టుకోవాలి, పగ్గాల్ని కాదు. పొరపాటున గుర్రం లేచినా ముందుకి వంగి పగ్గాలు వదులు చెయ్యాలని, వెనక్కి లాగితే అది మీద పడుతుందని ముందే చెప్పి ఉంచు.

గేటు దాటి 50 మీటర్లు, అది మొండికెయ్యక ముందే తిరిగి రావాలి. మర్నాడు 70. పని అంతా లాయం దగ్గర చేయించి, విశ్రాంతి మాత్రం దూరంగా ఇవ్వాలి. అక్కడే దిగి, అక్కడే తంగు వదులుచేసి, నడిపించుకుంటూ ఇంటికి తేవాలి. నెమ్మదైన ఇంకో గుర్రం తోడుగా దొరికితే సగం పని అయినట్టే.

పరుగు సంగతి. ఇంటి వైపు ఎప్పుడూ నడకే, ఇందులో మినహాయింపు వద్దు. ఆపడం నేర్పేటప్పుడు రెండు పగ్గాలూ గట్టిగా పట్టి లాగొద్దను. అలా లాగితే గుర్రం ఆ లాగుడు మీదే ఆనుకుని పోతుంది. ఒక పగ్గంతో తలని పక్కకి, ఆయన బూటు వైపు వంచి, కాళ్ళు ఆగేదాకా పట్టి, ఆగిన క్షణంలో వదిలేయాలి. మొదట నిలబడి, తర్వాత నడకలో, తర్వాత ట్రాట్‌లో (చిన్న పరుగులో), రెండు వైపులా అలవాటయ్యేదాకా. పూర్తి పరుగులో ఉన్నప్పుడు మాత్రం హఠాత్తుగా ఇలా వంచకూడదు, గుర్రం తూలి పడుతుంది. చోటుంటే పెద్ద వలయంలో తిప్పి, దాన్ని చిన్నది చేసుకుంటూ రావాలి. ఇంకోటి, భయపడ్డ మనిషి ముందుకి వంగి పిక్కలతో బిగిస్తాడు. గుర్రానికి దాని అర్థం ఇంకా వేగంగా పొమ్మని.

నువ్వు ఎక్కాలా అంటే, చివర్లో పది నిమిషాలు ఎక్కు. విద్యలన్నీ చూపించకు. నీ కింద అది ముత్యంలా నడిస్తే ఆయనకి ధైర్యం రాదు, ఉన్నది పోతుంది. మళ్ళీ ఆయన్నే ఎక్కించి, నువ్వు నేల మీద నిలబడి చెప్పు. వారానికి రెండుసార్లు పాఠం చెప్పే మంచి గురువుని చూసిపెట్టడం నీ రాకలన్నిటికంటే ఎక్కువ మేలు చేస్తుంది. ఎక్కే ముందు పొడుగు తాడుతో గుండ్రంగా తిప్పి అలసిపోయేలా చెయ్యమని ఎవరో ఆయనకి సలహా ఇస్తారు, చూడు. వద్దు. 20 మీటర్ల వలయంలో చెరో వైపు ఐదేసి నిమిషాలు చాలు. రోజూ అరగంట తిప్పితే కీళ్ళు దెబ్బతింటాయి, గుర్రం దమ్ము పెరిగి ఇంకా ఎక్కువసేపు గంతులేస్తుంది.

మందు పెట్టారా అన్న ప్రశ్నకి సూటిగా జవాబు చెప్పు. కొనే ముందు వైద్యుడు పరీక్ష చేసినప్పుడు రక్తం తీసి దాచి ఉంటే, దాన్ని పరీక్షకి పంపమని నువ్వే చెప్పు. తియ్యకపోతే తియ్యలేదని చెప్పు. టీకాలు, పురుగుల మందు, లాడాలు వేయించిన తేదీలు అన్నీ ఒక కాగితం మీద రాసివ్వు. గిట్టలకి 6 నుంచి 8 వారాలకోసారి పని ఉంటుందని ఆయనకి గుర్తుండకపోవచ్చు. దానికి ఏవేవి చూస్తే భయమో కూడా రాయి. అమ్మేటప్పుడు చెప్పకుండా వదిలేసింది ఏదైనా ఉంటే, చిన్నదే అయినా, ఇప్పుడు చెప్పెయ్.

వెనక్కి తీసుకోవడం గురించి అడిగావు. కాగితం మీద ఏం రాసుకున్నారో ముందు అది చూడు. తిరిగివచ్చేటప్పుడు వైద్యుడి పరీక్ష ఎవరు చేయించాలి, బండి ఖర్చు ఎవరిది, ఇవి మాటల్లో కాకుండా రాసుకోండి. ఎప్పుడు తీసుకోవాలంటే, ఆయనకి దాని దగ్గరికి వెళ్ళాలంటేనే భయమేస్తున్నప్పుడు. భయపడుతూ దాణా తొట్టి దూరం నుంచి తోసేస్తున్నాడంటే ఎనిమిది వారాలు ఆగక్కర్లేదు. అలాంటప్పుడు త్వరగా తెచ్చుకుంటే మనిషికీ దెబ్బ తగలదు, గుర్రానికీ అలవాటు ముదరదు. తెచ్చాక వెంటనే ఇంకొకరికి అమ్మకు. రెండు మూడు వారాలు నేల మీద పనంతా మళ్ళీ మొదటి నుంచి చేయించు, తర్వాత వచ్చేవాళ్ళకి జరిగింది దాచకుండా చెప్పు. ఐదేళ్ళ గుర్రం కొత్తవాడికి ఎంత ఓర్పున్నా బరువేరా, వాళ్ళకి పన్నెండు పదిహేనేళ్ళది కుదురుతుంది.

ఆదివారం వెళ్ళేటప్పుడు ఒక తూకం, పాత కళ్ళెం, ఆ రికాబు పట్టీ, నీ చేతి తొడుగులు మర్చిపోకు. ఆయన దిగి జీను తీయగానే వీపు చూడు. చెమట అంతా సమానంగా ఉండాలి. మధ్యలో ఎక్కడైనా పొడిగా మచ్చలా కనిపిస్తే జీను అక్కడ నొక్కుతుండొచ్చు. ఆరిపోకముందే రెండు వైపులా ఫొటోలు తీసి నాకు పంపు.

నీ
మిత్రుడు