మా పాప గొంతు కోసం నిలబడిన అందరికీ

పాప గొంతులో పులిపిర్లు తీసే ఆపరేషన్ బాగా జరిగింది. ఫోన్ చేసి అడుగుతున్న వాళ్లందరికీ విడివిడిగా చెప్పలేక ఇక్కడ రాస్తున్నా.

ముందు వాళ్ల క్లాస్ టీచరమ్మకు దండం. మేము ఒకచోట ఉబ్బసమని ఇచ్చిన మందులే వాడుతున్నాం. పద్యం అప్పజెప్పేటప్పుడు గొంతు బొంగురుపోతోంది, జలుబు లేనప్పుడూ ఇంతే, గొంతు డాక్టరుకు చూపించండి అని పట్టుబట్టింది ఆవిడే.

కర్నూలులో ఈఎన్‌టీ మేడం ముక్కులోంచి సన్నటి గొట్టం పంపి స్క్రీన్ మీద చూపించారు. స్వరపేటికలో గులాబీ రంగు పులిపిర్లు, ద్రాక్ష గుత్తుల్లా. హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తాయట, ఎక్కువగా అందులోని 6, 11 రకాల వల్ల. క్యాన్సర్ తెచ్చే 16, 18 రకాలు వేరు అని చెప్పాక గానీ నా టెన్షన్ తగ్గలేదు.

“కాన్పులో తల్లి నుంచి సోకి ఉండొచ్చు” అనగానే మా వాళ్ల చూపులన్నీ నా మీదే. మేడం అది గమనించినట్టున్నారు. “ఈ వైరస్ ఎంతోమందికి వస్తుంది, వచ్చినట్టు వాళ్లకే తెలీదు. తల్లి తప్పేముంది ఇందులో?” అని అందరి ముందే అడిగేశారు. మా అత్తమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఈ ఒక్కదానికే మేడంకు జన్మంతా రుణపడి ఉంటాను.

మత్తు డాక్టరు గారికి కూడా. ఊపిరి పోయే దారీ అదే, పరికరాలు పోయే దారీ అదే; ఆయనెంత జాగ్రత్త పడి ఉంటారో! గొంతుకు రంధ్రం పెట్టాల్సి వస్తే పులిపిర్లు కిందికి పాకే ప్రమాదముందట, ఆ అవసరం రాలేదు. మళ్లీ పెరగొచ్చు, మళ్లీ తీయాల్సి రావచ్చు అని ముందే చెప్పారు. సిద్ధంగానే ఉన్నాం.

పక్కింటి వదినకు థాంక్స్. కలిసి ఆడుకుంటే అంటుకునేది కాదని చెప్పగానే తన పిల్లల్ని ఎప్పటిలా పంపింది. అన్నట్టు వదినా, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే సెర్వావాక్ టీకా 6, 11 రకాలకూ పనిచేస్తుందట. ఉన్న పులిపిర్లను అది పోగొట్టదు గానీ, మీ పెద్దమ్మాయికి తొమ్మిదేళ్లు నిండాయి కదా, డాక్టర్ని అడుగు.

చివరగా మా ఊరి ఆటో అన్న. అర్ధరాత్రి పాపకు ఆయాసమొస్తే బుధవారపేట పెద్దాసుపత్రి దాకా తెచ్చి, పైసా తీసుకోలేదు. అన్నా, వచ్చే నెల చెకప్‌కు కూడా నీ ఆటోలోనే వస్తాం. బాడుగ తీసుకుంటానని ముందే ఒప్పుకుంటేనే ఎక్కుతాం.