బడికి అండగా మసీదు వీధి

సంపాదకులకు నమస్కారం.

నెల్లూరులో మా వీధి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలను పక్కనున్న మసీదు జమాత్ వారు తమ ఇంటి పనిగా చూసుకుంటున్న తీరు నలుగురికీ తెలియాలని ఈ లేఖ రాస్తున్నాను. నిరుటి వానలకు రెండో తరగతి గది కురిసి పిల్లలు పలకలు ఒళ్లో పెట్టుకుని వరండాలో ఒదిగి కూర్చోవలసి వచ్చినప్పుడు, శుక్రవారం నమాజు తరువాత గుమ్మం దగ్గర పరిచిన తువ్వాలులో పడిన పది, ఇరవై రూపాయల నోట్లతోనే కప్పు బాగుచేయించారు. మేస్త్రీ కూలి పుచ్చుకోలేదు. బడి మానిన ఆడపిల్లల ఇళ్లకు వెళ్లి, తల్లులకు ఉర్దూలో నచ్చజెప్పి, ముగ్గురిని తిరిగి తరగతిలో కూర్చోబెట్టడం నా దృష్టిలో అంతకన్నా గొప్ప పని. రొట్టెల పండుగనాడు బారాషహీద్ దర్గా దగ్గర, స్వర్ణాల చెరువులో నిలబడి అన్ని మతాలవారూ చదువు బాగా రావాలని మొక్కుకుంటూ చదువు రొట్టె పట్టుకునే ఊరు కదా మనది!

అయితే, వారు తీర్చలేని లోటు ఒకటుంది. అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక పాఠశాలకు ఇద్దరు ఉపాధ్యాయులు ఉండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం చెబుతుండగా, మా బడిలో ఐదు తరగతులకూ ఒక్కరే ఉన్నారు. ఆ రెండో ఉపాధ్యాయుణ్ణి వెంటనే నియమించవలసిందిగా విద్యాశాఖ అధికారులను మీ పత్రిక ద్వారా వేడుకుంటున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు, నెల్లూరు