ముందు వరుస పాసు అమ్మే ముందు లెక్క చెప్పాలి

సంపాదకుల వారికి నమస్కారం.

దసరా సెలవులు దగ్గర పడుతున్నాయి. సద్దుల బతుకమ్మ ఆడి, జమ్మి పంచుకున్న తర్వాత మిగిలే నాలుగు రోజుల్లో పిల్లలను హైదరాబాద్‌కు తీసుకువెళ్లి రామోజీ ఫిలిం సిటీయో, వండర్‌లానో, స్నో వరల్డో చూపించి రావడం వరంగల్, హనుమకొండ, కాజీపేట కుటుంబాల్లో చాలామందికి అలవాటైంది. అలా బయలుదేరే తల్లిదండ్రులకు టికెట్లు తీసుకునేటప్పుడు ఇప్పుడు కొత్త సందేహం ఎదురవుతోంది. మామూలు టికెట్టుతో సరిపెట్టుకోవాలా, లేక రైడ్ల దగ్గర వరుసలో నిలబడకుండా నేరుగా ముందుకు పంపించే ఫాస్ట్ ట్రాక్ వంటి పాసును అదనంగా డబ్బు పెట్టి కొనాలా అన్నదే ఆ సందేహం. నేను ఇద్దరు పిల్లల తల్లిని, ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ఇంట్లో ఒక రకంగా, బడి విహారయాత్రల్లో ఇంకో రకంగా ఈ విషయం గురించి ఆలోచించవలసి వచ్చింది. ఈ పాసు కొందరికి నిజంగానే అక్కరకు వస్తుంది. అయితే అది ఎవరికి, ఏ రోజున అక్కరకు వస్తుందో తేల్చుకోవడానికి కావలసిన సమాచారాన్ని పార్కులు డబ్బు తీసుకోకముందే బయటపెట్టాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ముందుగా వరుస ఎలా కదులుతుందో చూడాలి. ఒక రైడ్‌లో విడతకు 24 మంది కూర్చుంటారని, వాళ్లను ఎక్కించి, బెల్టులు సరిచూసి, తిప్పి, దింపేసరికి 3 నిమిషాలు పడుతుందని అనుకుందాం. అంటే గంటకు 20 విడతలు, 480 మంది. మన ముందు 240 మంది ఉంటే అరగంటలో మన వంతు వస్తుంది. ఇప్పుడు ప్రతి విడతలో సగం సీట్లను పాసు ఉన్నవారితో నింపుతూ పోతే, అదే 240 మంది వెనుక నిలబడిన మనకు గంట పడుతుంది. పాసు అమ్మినందువల్ల ఆ రైడ్‌కు ఒక్క సీటు కూడా పెరగలేదు, ఒక్క నిమిషం కూడా తగ్గలేదు. ఒకరికి మిగిలిన అరగంట ఇంకొకరి దగ్గర నుంచి వచ్చిందే. పైగా పాసులు లెక్క లేకుండా అమ్మితే పాసు వరుస కూడా బారెడు పెరుగుతుంది. అప్పుడు మామూలు టికెట్టు వారూ నష్టపోతారు, అదనంగా కట్టినవారూ నష్టపోతారు. అందుకే ఈ వ్యవహారంలో పాసు ధర కంటే ఆ రోజు ఎన్ని పాసులు అమ్మారన్నది ముఖ్యమైన అంకె. టికెట్టు కొనే చోట మనకు కనిపించనిది కూడా ఆ అంకే.

రెండో విషయం, ఆ పాసు ఏయే రైడ్లకు వర్తిస్తుందన్నది. సాధారణంగా ఇవి గుండె జారిపోయేంత వేగంగా తిరిగే పెద్ద రైడ్లకు, మరికొన్ని ఎంపిక చేసిన వాటికి మాత్రమే పనికొస్తాయి. అలల కొలనుకు, రెయిన్ డ్యాన్సుకు, నెమ్మదిగా పారే నీటి కాలువకు అసలు వరుసే ఉండదు కాబట్టి అక్కడ పాసుతో పని లేదు. వేసవిలో మన పిల్లలు సగం రోజుకు పైగా నీళ్లలోనే గడుపుతారు. ఎంత పిలిచినా బయటికి రారు. అటువంటి కుటుంబం నలుగురికీ పాసులు కొంటే ఆ డబ్బులో అధిక భాగం వృథాయే. పెద్ద రైడ్లలో కొన్నింటికి 140 సెంటీమీటర్ల దాకా కనీస ఎత్తు ఉండాలన్న నిబంధన ఉంటుంది. రక్తపోటు, గుండె జబ్బు, నడుము నొప్పి ఉన్నవారిని, గర్భిణులను ఎక్కవద్దంటారు. తాతయ్య, నానమ్మలతో కలిసి వెళ్లే ఉమ్మడి కుటుంబంలో నిజంగా ఆ రైడ్లు ఎక్కేవారు ఎందరో ముందే లెక్క వేసుకోవాలి.

పోయిన వేసవిలో ఒక పార్కులో నేను చూసింది చెబుతాను. రైడ్ మెట్ల దగ్గర ఎత్తు కొలిచే స్తంభానికి వీపు ఆనించి ఒక బాబు మడమలెత్తి నిలబడ్డాడు. చేతికి పాసు తాలూకు రంగు పట్టీ ఉంది. అక్కడి ఉద్యోగి మెత్తగానే భుజం మీద చెయ్యి వేసి, మడమలు నేలకు ఆనేలా నిలబెట్టి, గీతకు రెండు వేళ్లు తక్కువున్నాడని పక్కకు పంపాడు. భద్రత కోసం పెట్టిన నిబంధనను అతను పాటించాడు, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ ఆ బాబు తండ్రి కౌంటరుకు వెళ్లి అడిగితే, ఒకసారి అమ్మిన పాసుకు డబ్బు తిరిగి ఇవ్వబోమని సమాధానం వచ్చింది. పాసు అమ్మేటప్పుడే పిల్లవాడి ఎత్తెంత అని ఒక్క మాట అడిగి ఉంటే ఆ కుటుంబానికి ఆ ఖర్చు తప్పేది, పిల్లవాడికి ఆ చిన్నబుచ్చుకోవడం తప్పేది.

ఇక మా ప్రాంతం వారి పరిస్థితి హైదరాబాద్ వారి పరిస్థితి వంటిది కాదు. నగరంలో ఉన్నవారు ఈ ఆదివారం రద్దీగా ఉందనుకుంటే వచ్చే వారం వెళ్లవచ్చు. మేము తెల్లవారుజామునే కారు మాట్లాడుకుని, జనగామ, ఆలేరు, భువనగిరి దాటి, ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి వెళ్లాలి. ములుగు, భూపాలపల్లి, ఏటూరునాగారం వారికి దారి ఇంకా పొడవు. కారు కిరాయి, టోల్ గేట్లు, దారిలో టిఫిన్లు, లోపల భోజనాలు, నీటి రైడ్లకు నైలాన్ దుస్తులు, లాకరు అన్నీ కలిపితే ప్రవేశ టికెట్టు ఆ రోజు ఖర్చులో ఒక భాగం మాత్రమే. ఇంత ఖర్చు పెట్టి, మళ్లీ ఎప్పుడు వస్తామో తెలియని పరిస్థితిలో రద్దీ రోజున వెళ్లక తప్పకపోతే, పెద్ద రైడ్ల మీదే మోజు ఉన్న పదహారేళ్ల పిల్లలకు పాసు కొనడాన్ని నేను దుబారా అనను. వాళ్ల వరకే కొని, మిగతావారు మామూలు టికెట్టుతో వెళ్లడం మేలు.

రద్దీ లేని రోజు ఎంచుకునే వీలున్నవారికి మాత్రం పాసు అవసరమే రాదు. సెలవులు కాని వారపు రోజుల్లో వరుసలు చాలా వరకు చిన్నవిగానే ఉంటాయి. అయితే వారపు రోజులన్నీ ఒకటే అనుకోరాదు. నవంబరు నుంచి జనవరి దాకా బడుల విహారయాత్రల కాలం. ఆ నెలల్లో మంగళవారమైనా పార్కు ముందు స్కూలు బస్సులు బారులు తీరి ఉంటాయి. మా బస్సు కూడా వాటిలో ఒకటై ఉంటుంది. గేటు తెరిచిన వెంటనే లోపలికి వెళ్లి మొదటి గంటలోనే పెద్ద రైడ్లు ముగించుకుని, ఎండ ముదిరాక నీళ్లలోకి దిగి, అందరూ భోజనాలకు వెళ్లిన వేళ మిగతా రైడ్లు ఎక్కేవారు రద్దీ రోజున కూడా చాలా చూడగలుగుతారు. పార్కులోకి వెళ్లాక పాసు కొనుక్కునే వీలుంటే ఇంటి దగ్గరే తొందరపడి కొనకుండా, వరుసలు చూసి నిర్ణయించుకోవడం మంచిది.

విహారయాత్రకు వచ్చిన మా పిల్లలకు పాసులు ఉండవు. మధ్యాహ్న భోజనం దగ్గర పళ్లెం పట్టుకుని వరుసలో నిలబడాలని, చిన్నవాళ్లను తోసుకుని ముందుకు పోకూడదని రోజూ మేమే చెబుతాం. పార్కులో ఇనుప కమ్మీల మధ్య ముప్పావు గంట నుంచి నిలబడ్డ ఏడో తరగతి అమ్మాయి, పక్క దారిలో వచ్చినవారికి ఉద్యోగి తాడు తీసి దారి ఇవ్వడం చూసి, "మేడం, వాళ్లు మన తర్వాత వచ్చిన్రు కదా, ముందు ఎట్ల పోతున్నరు?" అని అడిగింది. వాళ్లు ఎక్కువ డబ్బు కట్టారని నిజమే చెప్పాను. ఆ పిల్ల ఇంకేమీ అడగలేదు. వ్యాపారానికి ధర నిర్ణయించుకునే హక్కు ఉందని నాకు తెలుసు. అయినా మామూలు టికెట్టు కొన్నవారూ డబ్బు కట్టే లోపలికి వచ్చారు. ప్రతి విడతలోనూ వారికి ఇన్ని సీట్లు తప్పక దక్కాలన్న నియమం పార్కులు తామే పెట్టుకోవాలి.

దీని గురించి మాట్లాడినప్పుడు మా కాలనీలో కొందరు, తిరుమలలో 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్టు మనమే కొంటున్నాం కదా, పార్కును ఎందుకు తప్పు పట్టాలి అన్నారు. ఆ ఉదాహరణ నా వాదనకే బలం ఇస్తుంది. తిరుమల తిరుపతి దేవస్థానం ఆ టికెట్లను ముందుగా ప్రకటించిన కోటా ప్రకారం, ఫలానా తేదీకి, ఫలానా సమయానికి అని ఆన్‌లైన్‌లో విడుదల చేస్తుంది. కోటా అయిపోతే ఇక ఆ తేదీకి దొరకదు. కొన్నవారికి ఏ వేళకు రావాలో ముందే తెలుస్తుంది. పార్కుల నుంచి మనం అడుగుతున్నది కూడా ఇటువంటి లెక్కే.

ఇతర దేశాల అనుభవం కూడా చూడదగ్గది. అమెరికాలో డిస్నీ పార్కులు 1999లో ఫాస్ట్‌పాస్ పేరుతో మొదలుపెట్టిన ఏర్పాటు ఉచితం. రైడ్ దగ్గర యంత్రంలో టికెట్టు పెడితే తిరిగి ఏ గంటకు రావాలో ముద్రించిన చీటీ వచ్చేది. కరోనా తర్వాత 2021లో దాని స్థానంలో డబ్బు కట్టి తీసుకునే జీనీ ప్లస్ వచ్చింది. ఫ్లోరిడాలో మొదట మనిషికి రోజుకు 15 డాలర్లు ఉండగా, మరుసటి ఏడాది నుంచి రద్దీని బట్టి ధర మారడం మొదలైంది. 2024లో అది లైట్నింగ్ లేన్ మల్టీ పాస్‌గా మారింది. ఉచితంగా ఉన్నది ఖరీదైన సరుకుగా మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. అయినా అక్కడ ప్రతి రైడ్ ముందు ఎంతసేపు ఆగాలో బోర్డు మీద, ఫోన్‌లో కనిపిస్తుంది కాబట్టి, కొనాలో వద్దో సందర్శకుడు కళ్లతో చూసి తేల్చుకోగలుగుతాడు. మన దగ్గర కనీసం ఆ బోర్డు పెట్టడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం, కొనే సేవ నాణ్యత, పరిమాణం, ధర వంటి వివరాలు తెలుసుకోవడం మన హక్కు. పాసు ఏ రైడ్లకు, ఒక్కో రైడ్‌కు ఎన్నిసార్లు చెల్లుతుంది, ఆ రోజుకు ఎన్ని పాసులు అమ్ముతారు, వాన వల్ల గానీ మరమ్మతు వల్ల గానీ రైడ్ ఆగిపోతే డబ్బు మాటేమిటి, ఎత్తు సరిపోని పిల్లలకు అమ్మిన పాసును వెనక్కి తీసుకుంటారా అన్న వివరాలు డబ్బు కట్టే బటన్‌కు పైనే తెలుగులో ఉండాలి. దివ్యాంగులకు, ఎక్కువసేపు నిలబడలేని వృద్ధులకు వరుసకు బదులు కూర్చునే చోటు, పిలిచే సమయం ఇవ్వాలి. దానికి పాసు డబ్బు అడగరాదు. ఇవేవీ చెప్పకుండా అమ్మారని భావించినవారు 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

మీ విలేకరులు సెలవులకు ముందే హైదరాబాద్ చుట్టుపక్కల పార్కులను ఈ ప్రశ్నలు అడిగి, వచ్చిన సమాధానాలను పార్కులవారీగా జిల్లా ఎడిషన్లలో ప్రచురిస్తే, టికెట్లు తీసుకోవడానికి సిద్ధమవుతున్న ఉత్తర తెలంగాణ కుటుంబాలకు ఎంతో మేలు చేసినవారవుతారు. సమాధానం ఇవ్వని పార్కుల పేర్లు కూడా వేయాలని నా మనవి.

భవదీయురాలు,
ఒక ఉపాధ్యాయురాలు,
హనుమకొండ