ఆ 25 కేడీ బ్యాండ్ గురించి

విజయనగరం

ఒరేయ్ శీనూ,

ఇక్కడ అందరం కులాసా. మొన్న మూడు లాంతర్ల దగ్గర మీ అమ్మగారు కనిపించారు, మోకాళ్ల నొప్పి కాస్త తగ్గిందన్నారు. నీ కో-ఐపీ (ఒక ప్రోటీన్‌ని యాంటీబాడీతో లాగి, దాన్ని పట్టుకుని ఇంకేవి వస్తాయో చూసే పరీక్ష) సంగతి ఫోన్‌లో తేలేది కాదు, అందుకే రాస్తున్నా.

కణం పొరలో ఉండి ఈజీఎఫ్ అనే ఎదుగుదల సంకేతాన్ని అందుకునే ఈజీఎఫ్ రిసెప్టార్‌ని యాంటీబాడీతో లాగితే, దానికి అంటుకుంటుందని ముందే తెలిసి కంట్రోల్‌గా పెట్టుకున్న జీఆర్‌బీ2 ప్రోటీన్ వచ్చిందని, నీ ప్రోటీన్ మాత్రం రాలేదని, అంటే అదీ రిసెప్టారూ కలవవనీ తేల్చేశావు. తొందరపడకురా. జీఆర్‌బీ2 సైజు సుమారు 25 కేడీ (కిలోడాల్టన్లు, ప్రోటీన్ బరువు కొలత). యాంటీబాడీని పట్టుకునే బీడ్స్ మరిగించినప్పుడు ఊడివచ్చే యాంటీబాడీ చిన్న ముక్క, లైట్ చెయిన్, కూడా సరిగ్గా అక్కడే కూర్చుంటుంది. నువ్వు చూసింది అదే కావచ్చు! రిసెప్టార్‌ని పట్టని మామూలు యాంటీబాడీ వేసిన ఐజీజీ లేన్‌లోనూ అదే బ్యాండ్ ఉంటే దాన్ని నమ్మకు. ఐపీకి, అంటే లాగడానికి, కుందేలు యాంటీబాడీ వాడితే, వచ్చినవాటిని బ్యాండ్లుగా చూసే బ్లాట్‌కి ఎలుకది వాడి చూడు.

కంట్రోలే నిజంగా రాకపోతే, నీ ప్రోటీన్ గురించి ఆ బ్లాట్ ఏమీ చెప్పనట్టే. జీఆర్‌బీ2 పట్టుకునేది రిసెప్టార్‌లోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మీది ఫాస్ఫేట్‌ని. కణం పగిలిన క్షణం నుంచీ ఫాస్ఫటేజ్ ఎంజైమ్‌లు దాన్ని ఊడగొడుతూనే ఉంటాయి. అందుకే వాటిని ఆపే వనడేట్ వేయాలి, అంతా ఐస్ మీదే జరగాలి. సీరం లేకుండా ఉంచిన కణాలకి ఈజీఎఫ్ ఇచ్చి 5 నిమిషాల్లో ఆపెయ్. కణాలు పగలగొట్టడానికి రీపా బఫర్ వద్దు, అందులోని ఎస్‌డీఎస్ అనే ఘాటు డిటర్జెంట్ బలహీనమైన బంధాలని తెంపేస్తుంది. మెత్తటి డిటర్జెంట్ ఎన్‌పీ-40 చాలు.

ఇంత చేసినా రాకపోతే పద్ధతి మార్చు. 1989లో ఫీల్డ్స్, సాంగ్ కనిపెట్టిన ఈస్ట్ టూ-హైబ్రిడ్ (రెండు ప్రోటీన్లు కలిస్తే ఈస్ట్‌లో ఒక జన్యువు పనిచేసేలా చేసే పద్ధతి) గొప్పదే కానీ, అక్కడ కలయిక ఈస్ట్ కేంద్రకంలో జరగాలి. పొరలో ఉండే నీ రిసెప్టార్‌కి అది నప్పదు. పైగా టైరోసిన్‌కి ఫాస్ఫేట్ పెట్టే కైనేజ్ ఎంజైమ్‌లు ఈస్ట్‌కి సొంతంగా దాదాపు లేవు. నీకు రిసెప్టార్‌కి అతికించి వాడే టర్బో-ఐడీ అనే ఎంజైమ్ మేలు. కణం బతికుండగానే 10 నిమిషాల్లో పక్కనున్నవాటికి బయోటిన్ అనే గుర్తు అంటిస్తుంది కాబట్టి, వచ్చి వెళ్లిపోయేవి కూడా దొరుకుతాయి. అయితే సిరిమాను రోజు మన పక్కన నిలబడ్డవాళ్లంతా చుట్టాలు కానట్టే, బయోటిన్ అంటినవన్నీ నేరుగా కలిసినవి కావు. రెండు ప్రోటీన్లకీ మెరిసే రంగులు తగిలించి, ఒకదాని శక్తి రెండోదానికి అందుతుందేమో చూసే ఫ్రెట్‌తోనూ చూసుకో. ఆ రెండూ 10 నానోమీటర్ల లోపు ఉంటేనే అది సిగ్నల్ ఇస్తుంది. రెండు వేర్వేరు పద్ధతులు ఒకే మాట చెప్పాకే థీసిస్‌లో రాయి. మీ గైడ్ తొందరపెట్టినా సరే, ఈ ఒక్క విషయంలో మొండిగా ఉండు.

ముందు ఆ బ్లాట్ ఫొటో పంపు. ఐజీజీ లేన్ కత్తిరించకుండా, మొత్తం.

నీ
ప్రసాద్