అమ్మమ్మ ముత్యాల దండను నిలబెట్టిన వారందరికీ

మా అమ్మమ్మ రెండు పేటల ముత్యాల దండ మళ్లీ నా మెడలోకి వచ్చింది. అందుకు సాయపడిన వాళ్లకు ఎదురుపడి కృతజ్ఞతలు చెప్పబోతే "దానికేముందమ్మా" అని మాట దాటేస్తున్నారు. అందుకే నలుగురూ చదివేలా రాస్తున్నాను.

రాజోలు దగ్గర మా పెదనాన్నగారి మనవరాలి పెళ్లిలో, సరిగ్గా తలంబ్రాల వేళ, దండ తెగింది. పాత పట్టుదారం, పైకి తెలియకుండా లోలోపలే చివికిపోయింది. ముత్యాలు కొన్ని తలంబ్రాల బియ్యంలో కలిసిపోయాయి, కొన్ని దొర్లుకుంటూ కొబ్బరిచెట్ల కింద ఇసుకలోకి వెళ్లాయి. నేను నోరు తెరిచి అడగనే లేదు. ఆ వీధి ఆడవాళ్లు ఇళ్లకు వెళ్లి చేటలు, జల్లెడలు పట్టుకొచ్చారు. పట్టుచీరలు ఎగదోపుకుని కూర్చుని బియ్యం చెరిగారు, ఇసుక జల్లించారు. పిల్లలు సెల్‌ఫోన్ లైట్లు పట్టుకుని బల్లల కింద దూరారు. రెండో బంతి భోజనాలకు పిలుస్తున్నా ఒక్కరూ లేవలేదు. పసుపు అంటిన చిన్న ముత్యాన్ని తలంబ్రాల గింజల్లోంచి ఏరడం ఎంత ఓపిక పనో నేను కళ్లారా చూశాను. ఓ పది దాకా తప్ప అన్నీ దొరికాయి.

తిరిగి గుచ్చించడానికి వెళ్లిన కొట్టులో, ఇవి రంగు మారిన పాతవి, ఇచ్చేస్తే కొత్త సెట్టు ధరలో తగ్గిస్తామన్నారు. అక్కడే ఉన్న ఒకావిడ నా వెనకాలే బయటికి వచ్చి, రాజమండ్రిలో పూసలు గుచ్చే పెద్దాయన ఇంటి గుర్తులు చెప్పి, పేరైనా చెప్పకుండా బస్సెక్కేశారు. అమ్మా, ఇది మీ కంట పడితే నా మొదటి నమస్కారం మీకే.

ఆ పెద్దాయన ముత్యాలను అరచేతిలో పోసుకుని భూతద్దంతో చూసి, "ముందు ఇవి ఎవరికీ ఇవ్వకండమ్మా" అన్నారు. లోపలి పేట ముత్యాల రంధ్రాలు మామూలు సూది కూడా దూరనంత సన్నం, బయటి పేటవి వెడల్పు. పంటికి రాస్తే రెండూ గరగరలాడాయి. అంటే గాజువి కావు. అయితే వాటంతట అవి పుట్టినవా, పెంచినవా అన్నది పంటితో తేలదని, ఎక్స్‌రే తీయించమని చెప్పారు. కాల్చిన సూది గుచ్చి చూస్తామనేవాళ్ల చేతికి మాత్రం ఇవ్వొద్దన్నారు.

హైదరాబాద్‌లో ఉన్న మా చిన్నాన్నగారి అబ్బాయి సెలవు పెట్టుకుని ల్యాబ్‌కు తీసుకెళ్లాడు. బయటి పేట ముత్యాల కడుపులో గుల్లతో చేసిన గుండ్రటి పూస కనిపించింది. అవి కల్చర్డ్, అంటే పెంచినవి. లోపలి పేటవి సహజమైనవి! అవి కాకినాడ సముద్రంలో దొరికినవని ఇంట్లో వింటూ పెరిగాం. పెద్దాయన ఆ సంగతీ విడమరిచారు. కాకినాడ దగ్గర దొరికేది అద్దంలా పలచని గుల్ల. అందులోని చిన్న ముత్యాలు మందులకు, గుల్లలు సున్నానికి పోయేవట. ఇవి ఆయన కంటికి బస్రా ముత్యాలు. పర్షియన్ గల్ఫ్ నుంచి బొంబాయి చేరి, అక్కడ తొలిచి అమ్మినవి. లోపలి పేట మా తాతమ్మ పెళ్లినాటిది, ఆ పెళ్లి 1900ల మొదట్లో. జపాన్ గుండ్రటి కల్చర్డ్ ముత్యాలు బజారుకెక్కింది 1920ల్లో. బయటి పేట తర్వాత మా తాతగారు చేర్పించింది అయ్యుండాలి.

పోయినవాటి చోట తెల్లటి కొత్తవి వేస్తే ఆ మీగడ రంగు పక్కన కొట్టొచ్చినట్టు కనిపిస్తాయని ఆయన ఒప్పుకోలేదు. మా తమ్ముడు నమూనా ముత్యం పట్టుకుని హైదరాబాద్‌లో ముత్యాలమ్మే పత్తర్‌గట్టీ కొట్లన్నీ తిరిగాడు. దీపాల కింద కాకుండా పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూస్తూ, పాత దండలు విప్పి అమ్మేచోట ఏరాడు. బస్రావి కొన్నే దొరికాయి. మిగతా ఖాళీల్లో అదే రంగు కల్చర్డ్‌వి చిన్నవి, మెడ వెనక కొక్కెం దగ్గర వేశారు. ముత్యానికీ ముత్యానికీ మధ్య ముడి పడింది, ఇక తెగినా ఒకటే జారుతుంది. అన్నిటికన్నా నాకు కళ్లు చెమర్చింది ఒక కాగితం చూసి. ఏ ముత్యం పాతది, ఏది కొత్తదో పెద్దాయన దండ బొమ్మ గీసి గుర్తులు పెట్టి ఇచ్చారు, రేపు మా అమ్మాయిని ఎవరూ మోసం చేయకూడదని. అంత చేసి, గుచ్చిన కూలి తప్ప రూపాయి ఎక్కువ తీసుకోలేదు. సెంటు, నిమ్మరసం, చింతపండు తగలనివ్వొద్దని, అన్నీ అయ్యాక చివర్లో వేసుకోమని చెప్పి పంపారు.

రాజోలు వీధి అక్కలూ, పిన్నులూ, ఆ ఇసుకలో ఇంకేమైనా కనిపిస్తే నాకు తెచ్చివ్వకండి, దొరికిన పిల్లకే ఉంచండి. కార్తీకంలో వనభోజనాలు మా తోటలోనే పెట్టుకుందాం. జల్లెడ పట్టిన ప్రతి ఒక్కరూ పిల్లలతో రావాలి. పెద్దాయన్ని తీసుకురావడానికి రాజమండ్రికి కారు నేనే పంపుతాను.